మెయిన్‌ఫ్రేమ్ మొరాయించిన పొద్దున

ఆసుపత్రి లెక్కలన్నీ నడిపే పెద్ద కంప్యూటరు, మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకునే ఆలుమగలిద్దరూ ముందురోజు నుంచీ ఇంట్లో పోట్లాడుకుంటూ, మూతులు ముడుచుకునే డ్యూటీకొచ్చారు. తీరా చూస్తే మిషను మొరాయించింది. ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా సిస్టమ్ డిస్కు చదవలేకపోతున్నానంటుంది. బయట రోగులు బారులు తీరారు. భర్త నుదుటి మీద చెమట చూసేసరికి ఆమె పంతం కాస్తా నీరుగారిపోయింది.

"సిస్టమ్‌ను కాపీ డిస్కు నుంచి ఎక్కిద్దామా?" అంది, ముందుగా తనే నోరు విప్పి.

"అది పాతదేమో!"

"నిన్న సాయంత్రమే తీశాను. కోపం నీమీద గానీ, పని మీద కాదుగా!"

అతను నవ్వాపుకుంటూ, ఆ డిస్కు నుంచి స్టార్ట్ అవమని మిషనుకు దాని నంబరు కొట్టాడు. తెర మీద ఒక్కో లైనే కదిలి, చివరికి సిస్టమ్ లేచింది. రోగుల వివరాలన్నీ పదిలంగా ఉన్నాయి.

ఆమె కుర్చీలో కూలబడింది.

"రాత్రి నుంచీ ఏమీ తినలేదు నువ్వు. కూర్చో, ఏదైనా తెస్తాను," అన్నాడతను మెల్లగా.

"నువ్వు మాత్రం తిన్నావా ఏంటి? ఇద్దరికీ తీసుకురా."