స్తంభాల వెనక దారి

చెప్పులు బయటి ద్వారం దగ్గరే వదలాలని చెప్పింది, నిజమే కదా, నీళ్ళ సీసా దగ్గరుంచుకోమంది, అదీ నిజమే, నేరుగా లోపలికి తీసుకెళ్తామని వెంటపడేవాళ్ళని నమ్మొద్దంది, మిట్టమధ్యాహ్నం రండి, రద్దీ ఉండదు, అమ్మగారికి తోపులాట తప్పుతుంది అని ఎంతో మర్యాదగా చెప్పింది, ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించమనండి, యాత్రికుల సమాచార కేంద్రంలో ఏళ్ళ తరబడి ఫోనెత్తుతున్న మనిషి, ఈ పాత పుణ్యనగరం గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, కాకపోతే అందరికీ చెప్పే మాట ఒకటి నిన్న నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, ఆగిందేమిటి, తనే మింగేసింది, ఎండవేళ గుడి ప్రాంగణంలో నల్లరాయి పెనంలా కాలుతుంది, గుమ్మం దాటగానే ఎడమకి తిరిగి స్తంభాల వెనక సున్నం వేసిన దారిన నడవండి అన్న మాట, ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పే మాట, నిన్న ఫోన్ చేసినవాడికి మాత్రం చెప్పలేదు, వాడు తనకి బాగా తెలిసినవాడు, ఒకప్పటి మొగుడు.

గొంతు గుర్తుపట్టలేదు మహానుభావుడు, అంటే మా అమ్మ పెద్దావిడండీ, అంటే మోకాళ్ళ నొప్పులండీ, ప్రతి మాటకీ ముందు అంటే ఒకటి, ఆ రోజు కూడా అంతే, అంటే అమ్మ ఏమంటుందో కనుక్కుంటానన్నాడు, ఆరో నెల కడుపుతో తను వంటింటి గట్టు పట్టుకుని వంగిపోయి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అత్తయ్యా, తట్టుకోలేకపోతున్నాను అంటుంటే అత్తగారు బట్టలు మడతపెడుతూ తలైనా ఎత్తలేదు, మేం కనలేదా పిల్లల్ని, పని కనబడితే చాలు నొప్పులొస్తాయి నీకు అంది, మర్నాటికి కడుపులో బిడ్డ లేదు, ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లో తనూ లేదు, అందుకే ఆవిడకి ఒక్కసారి నొప్పంటే ఏమిటో తెలియాలి, నలుగురిలో కేక పెట్టాలి, ఆ కేక విని తను తల తిప్పుకోవాలి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు, పుణ్యక్షేత్రంలో నిలబడి ఇదేం బుద్ధి అంటారా, అననీ, చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

ఇవాళ తలనొప్పని పక్క సీటావిడకి చెప్పి గుడికొచ్చి లోపలి గుమ్మం నీడలో నిలబడింది, అదిగో వాడు, ఫోటోలు తీసుకుంటూ నాలుగడుగులు వేసి, అమ్మో అని గెంతుకుంటూ నీడలోకి పరుగెత్తాడు, వెనక్కి కూడా చూడలేదు, భేష్, మారలేదు, ఇక ఆవిడ, వస్తోంది, వస్తోంది, అదేమిటి, కేక లేదు, తొందర లేదు, నింపాదిగా నడుస్తోంది, రాయి కూడా ఈవిడకి భయపడిందా ఏమిటి, అప్పుడు కనిపించాయి కాళ్ళకి పసుపుపచ్చ మేజోళ్ళు, వయసు పిల్లలు వేసుకునేవి, ఆ పక్కనే ఆవిడ బరువంతా భుజం మీద మోస్తూ పెదవి కొరుక్కుంటూ ఒక అమ్మాయి, కొత్త కోడలు, వట్టి కాళ్ళతో, మేజోళ్ళు అత్తగారికి తొడిగి, పరుగెత్తుదామన్నా ఆవిడ మోకాళ్ళు కదలవు, ఒక్కో అడుగూ రాతి మీద ఆనించి ఆనించి నడవాల్సిందే, మెల్లగా, నన్ను లాగకు, వయసులో ఉన్నదానివి నీకేం అంటోంది అత్తగారు, అదే గొంతు, ఏమీ అరగలేదు.

ఎప్పుడు ఎండలోకి దిగిందో తనకే తెలియదు, అరికాళ్ళు భగ్గుమన్నాయి, ఇటు, స్తంభాల వెనక్కి రా తల్లీ అని ఆ అమ్మాయి రెక్క పట్టుకుని సున్నం దారిలోకి లాగింది, వెనకే వచ్చిన ముసలావిడ తన మొహం చూసి గుర్తుపట్టి, నువ్వా అంది, తను కోడలి వైపే తిరిగింది, ఆ అమ్మాయి చతికిలబడి ఎర్రగా కమిలిన పాదాలు అరచేతుల్లో పట్టుకుంది, బొబ్బలు లేస్తున్నాయి, అయినా తలెత్తి నవ్వబోయింది, చాలా థాంక్సండీ, ఇలా దారి ఉందని మాకెవరూ చెప్పలేదు అంది, ఎవరూ చెప్పలేదు, అవును, ఎవరూ చెప్పలేదు, ఆ ఇంటి మీద ఎవరు నిప్పు వేసినా ముందు కాలేది కోడలే, ఈసారి వేసింది తను.