నాలుగు గంటల చప్పుడు

సాయంత్రం నాలుగు కాగానే చెప్పుల బీరువా మీద చప్పుడు మొదలయ్యేది. ముందు టిక్కుమని ఒక్కసారి, ఆ తర్వాత గిర్రున సన్నగా తిరుగుడు. వైఫై రౌటర్‌కి తగిలించిన నల్లటి డ్రైవు అది. సబ్బుపెట్టె అంత ఉంటుంది.

భర్త యోంగ్‌షున్ పోయిన మూడో రోజున బీషియా దాన్ని మొదటిసారి పట్టించుకుంది. ఏళ్ల తరబడి అది మోగుతూనే ఉండి ఉంటుంది. మనిషి ఇంట్లో తిరుగుతున్నప్పుడు అలాంటివి ఎవరి చెవిన పడతాయి? అతని లాప్‌టాప్ కిటికీ పక్క బల్ల మీద మూత వేసి ఉంది, వైరు గోడకి తగిలించే ఉంది. నాలుగయ్యేసరికి అది తనంతట తనే మేలుకుని, లోపల ఉన్నదంతా ఆ డ్రైవులోకి నకలు తీసుకుంటుందని అతనే ఒకసారి చెప్పాడు. తెలిసిన సంగతే అయినా ఆ రోజు ఆమెకి ఒళ్లు జలదరించింది. బయట కీలుంగ్ ఊరంతా వాన ఆగకుండా కురుస్తోంది. మనిషి లేడు. అతను పెట్టిన వేళకి ఎవరో వచ్చి పని చూసుకుని పోతున్నట్టుంది.

మర్నాటి నుంచి సాయంత్రపు అన్నం ఫోటో ముందు నాలుగింటికే పెట్టడం మొదలుపెట్టింది. నలభై తొమ్మిది రోజులూ పోయినవాళ్లకి రెండు పూటలా పెట్టాలి. కాసేపు ఆగి, రెండు పది యువాన్ల బిళ్లలు అరచేతిలో కదిపి నేల మీద వేసి అడగాలి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే అవునని. రెండూ బొమ్మలైతే నవ్వుతున్నాడని. రెండూ బొరుసులైతే కాదని.

"ఏమయ్యా, తిన్నావా?" అని అడిగేది. చప్పుడు ఆగాక అడిగితే ఎప్పుడూ అవుననే పడేది.

ఏడో రోజున, "నీ కంప్యూటర్ ఆపేయనా?" అని అడిగింది. రెండూ బొరుసులు. మళ్లీ వేసింది. బొరుసులే. మూడోసారీ అంతే. ఇక దాని జోలికి పోలేదు.

నలభై తొమ్మిదో రోజున కూతురు వాన్‌రూ షిన్‌జూ నుంచి వచ్చింది. పొద్దున మంత్రాలు చదివించి, పోయినవాడికి చేరాలని కాగితపు ఇల్లు కాల్చి, తడిసిన గొడుగులతో ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. నాన్న ఫోటోలు తీసుకుందామని వాన్‌రూ లాప్‌టాప్ మూత తెరిచింది.

"అమ్మా, ఇది ఇంకా రోజూ నకలు తీస్తూనే ఉందే. ఎవరూ ముట్టుకోని కంప్యూటర్‌కి ఎందుకు?"

"మీ నాన్నని అడిగాను. ఆపొద్దన్నాడు."

"ఎలా చెప్పాడు? మెసేజ్ పెట్టాడా?"

"వెక్కిరించకు. మూడుసార్లూ బొరుసులే పడ్డాయి."

వాన్‌రూ రౌటర్ మీద నిలబెట్టి ఉన్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లం వైపు చూసింది. యంత్రాలు మొరాయించకుండా ఈ ఊళ్లో ప్రతి ఆఫీసులోనూ పెడతారు. "దీని గడువు కూడా చూస్తున్నావా?"

"పోయినవారమే మార్చాను. పాతబడితే పనిచేయదనేవాడుగా."

వాన్‌రూ నవ్వబోయి ఆగింది. తెరమీద తేదీల వరుస ఉంది. "డ్రైవు నిండిపోయిందమ్మా. నిండాక, కొత్తదానికి చోటు కోసం అన్నిటికన్నా పాత నకలుని చెరిపేస్తుంది. రోజుకొకటి. నాన్న పోయాక నలభై ఎనిమిది రోజుల నకళ్లు అలా పోయాయి."

"ఎప్పటి రోజులు?"

"రెండేళ్ల కిందటివి. ఇప్పుడు చివర మిగిలింది నవంబరు పదకొండు. ఇవాళ నాలుగింటికి అదీ పోతుంది."

బీషియా చేతిలోని అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది.

నవంబరు పన్నెండున యోంగ్‌షున్ గొంతు ఆపరేషన్. ఆ తర్వాత అతను పలక మీద రాసి చూపించడమే తప్ప ఒక్క మాట పలకలేదు. మాట పోతుంది, ముందే రికార్డు చేసి పెట్టుకొమ్మని డాక్టరు చెబితే, పదో తేదీ రాత్రి తలుపు వేసుకుని ఏదో మాట్లాడాడు. పన్నెండు పొద్దున ఆస్పత్రికి బయలుదేరుతూ, "విన్నాను. చచ్చినవాడి గొంతులా ఉంది. తీసేశాను," అన్నాడు. ఆ సంగతి ఆమె కూతురికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

"మరైతే పదకొండో తేదీ నకల్లో ఉండాలి," అంది వాన్‌రూ. "ఆ ఒక్కదాన్లోనే."

గోడ గడియారంలో నాలుగుకి ఎనిమిది నిమిషాలుంది.

"ఆగు. అడిగి తీద్దాం." బీషియా ఫోటో ముందు మోకాళ్ల మీద కూర్చుని బిళ్లలు వేసింది. బొరుసులు. "నీ గొంతేనయ్యా, ఇంకేమీ కాదు." బొరుసులు. మూడోసారి ఒక బిళ్ల బల్ల కిందికి దొర్లిపోయింది. వాన్‌రూ వంగి చూసి, "ఇదీ బొరుసే," అంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. తీసేశాననుకున్నది ఎక్కడో మిగిలిందని అతనికి తెలిసినట్టుంది. రోజుకొకటి చొప్పున చెరుపుకుంటూ దాని దగ్గరికే వస్తున్నాడు. తను అన్నం పెట్టి మరీ పిలిచింది.

"నలభై ఏళ్లు నువ్వు చెప్పినట్టే నడిచాను," అంది ఫోటోతో. "ఈ ఒక్కటీ కుదరదు."

లేచి వెళ్లి రౌటర్ నుంచి డ్రైవుని పీకేసింది. నాలుగుకి రెండు నిమిషాలు. అది వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో జేబులోంచి తీసి చేతికిచ్చినట్టు.

వాన్‌రూ దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి, పదకొండో తేదీ వెతికి తెరిచింది. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత అతను.

"ఏం చెప్పాలో తెలీడం లేదు. బాల్కనీలో గ్యాస్ గీజరుకి రెండు బ్యాటరీలూ ఒకేసారి మార్చాలి. ఒకటే మారిస్తే లాభం లేదు. నువ్వు ఒకటే మారుస్తావు, నాకు తెలుసు." ఊపిరి. కుర్చీ కిర్రుమంది. దూరంగా వంటింట్లోంచి బీషియా గొంతే: "ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ కాదులే," అన్నాడు. అంతటితో అయిపోయింది.

చచ్చినవాడి గొంతులా లేదు. జలుబు చేసినవాడి గొంతులా ఉంది.

రాత్రి బండికి వాన్‌రూ వెళ్లిపోయింది. రెండు చోట్ల దాచిపెడతానని డ్రైవుని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టుకుంది. లాప్‌టాప్‌ని ఆపేసి పడగ్గదిలో బట్టల బీరువాలో పెట్టారు.

మర్నాటికి దినాలు ముగిశాయి. ఇక అన్నం పెట్టనక్కర్లేదు. బీషియా బాల్కనీలో ముక్కాలిపీట మీద నిలబడి గీజరు బ్యాటరీలు రెండూ మార్చి లోపలికొచ్చింది. నాలుగైంది.

చెప్పుల బీరువా మీద టిక్కుమంది. ఆ తర్వాత గిర్రున సన్నగా తిరుగుడు. రౌటర్ పక్కన డ్రైవు ఉండే చోట దుమ్ములో సబ్బుపెట్టె అంత శుభ్రమైన గుర్తు తప్ప ఏమీ లేదు.

ఆమె కాసేపు వింది. "రెండూ మార్చాను," అంది. బిళ్లలు తీయలేదు. వంటింట్లోకి వెళ్లి రెండో గిన్నె తీసింది.