మూడు పరలోక జపాలు

శనివారం సాయంత్రం చర్చిలో పాపాలు ఒప్పుకునే వేళకి ఇద్దరు ఫాదర్లు చెరో పక్క కూర్చునేవారు. ఎడమ పక్క చిన్న ఫాదర్ ఈగలు తోలుకుంటూ ఉండేవాడు. కుడి పక్క లెక్కల ఫాదర్ దగ్గర మాత్రం వరస గుమ్మం దాటి మెట్ల మీదికి పాకేది.

లెక్కల ఫాదర్ ముప్పై ఎనిమిదేళ్ళుగా చర్చి పక్క బడిలో లెక్కలు చెబుతున్నాడు. కరెంటు మీటర్లు చూసేవాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఆయన ముందు నిలబడి ఎక్కాలు వల్లించినవాళ్ళే. పొద్దున పూజ, పగలంతా సుద్దముక్క, సాయంత్రం మంచం పట్టినవాళ్ళ ఇళ్ళు. పెళ్ళాం బిడ్డలు లేని మనిషికి ఆ బడే సంసారం. శనివారం ఆ వరస చూసి, ఇంతమంది కడుపులో మాట నాకే చెప్పుకుంటున్నారు ప్రభువా అని మురిసిపోయేవాడు. మురిసినందుకు మళ్ళీ తనే ఒక జపం ఎక్కువ చెప్పుకునేవాడు.

వరసలో నిలబడ్డవాళ్ళ లెక్క వేరు. "గోడలకైనా చెవులుంటాయిరా, మా ఫాదర్‌కి అవీ లేవు" అనేవాడు బస్సు కండక్టరు. "హత్య చేసొచ్చినా శిక్ష అవే మూడు పరలోక జపాలు. చిన్నాయన దగ్గరికెళ్తే అరగంట క్లాసు పీకుతాడు. ఎవడికి కావాలి?"

నిజమే, ఆయనకి చెవుడు. నాలుగేళ్ళ కిందట ముందు కుడి చెవి పోయింది, ఏడాది తిరిగేసరికి ఎడమదీ పోయింది. డాక్టరిచ్చిన మిషను పెట్టుకుంటే బుర్రలో ఈలలు వేసింది తప్ప మాట వినిపించలేదు. దాన్ని సొరుగులో పడేశాడు. బిషప్ గారికి చెప్పి ఉండాల్సింది. చెబితే ఒక ఉత్తరం వస్తుంది: ఇక విశ్రాంతి తీసుకోండి, వృద్ధ గురువుల ఆశ్రమానికి బయల్దేరండి అని. ఆ ఆశ్రమం ఆయన చూశాడు. తనతో పాటు గురుపట్టం పుచ్చుకుని ఫాదరైన స్నేహితుడు అక్కడ వరండాలో కూర్చుని, ఉన్న నాలుగు స్తంభాలనే పొద్దస్తమానం లెక్కపెట్టుకుంటున్నాడు. దేవుడికి భయపడాల్సిన మనిషి ఉత్తరానికి భయపడ్డాడు. అదీ అసలు సంగతి.

అందుకని నెట్టుకొచ్చాడు. క్లాసులో "నోటితో కాదురా, బోర్డు మీద చేసి చూపించు" అనేవాడు. మీటింగుల్లో పక్కవాళ్ళు నవ్వితే నవ్వేవాడు, తలూపితే తలూపేవాడు. పాపాలు వినే చోట అడ్డంగా జల్లెడలాంటి తెర ఉంటుంది, పెదాలు కనబడవు. అవతలి నీడ తల వంచగానే అయిపోయిందని పోల్చుకుని, "ఏం ఫరవాలేదు, అంతా దేవుడు చూసుకుంటాడు. మూడు పరలోక జపాలు చెప్పుకుని ఇంటికెళ్ళు" అని ఆశీర్వదించేవాడు. క్షమించేది దేవుడు, ఆయనకి చెవుడు లేదుగా అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. తెలివైన సర్దుబాటే. కానీ ఆ తెర ముందు మోకరించేవాళ్ళంతా క్షమాపణ కోసమే రారు. కొందరు దారి అడగడానికొస్తారు.

ఒకటో తరగతి టీచరమ్మ అలాగే వచ్చింది. ఆ పిల్ల ఆయన శిష్యురాలే. పదో తరగతితో చదువు మాన్పిస్తామంటే ఇంటికెళ్ళి తల్లిని బతిమాలి, టీచరు ట్రైనింగుకి పంపించి, తన బడిలోనే ఉద్యోగం వేయించాడు. రెండేళ్ళ కిందట పెళ్ళి కూడా ఆయనే జరిపించాడు. ఆ శనివారం ఆమె నీడ చాలాసేపు కదల్లేదు. ఫాదర్ మోకాళ్ళు సలుపుతున్నాయి. బంగారంలాంటి పిల్ల, దీనికిన్ని పాపాలెక్కడివి, చీమని తొక్కినా చెప్పుకునే రకం అని లోపల ముచ్చటపడ్డాడు. నీడ తల వంచింది.

"ఏం ఫరవాలేదమ్మా, అంతా దేవుడు చూసుకుంటాడు. మూడు పరలోక జపాలు చెప్పుకుని ఇంటికెళ్ళు."

ఆమె ఇంకొంచెంసేపు అలాగే ఉండి, లేచి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున చిన్న ఫాదర్ పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పాడు. లెక్కల ఫాదర్ చిరునవ్వు నవ్వి, "మంచిది, అలాగే కానివ్వండి" అన్నాడు. చిన్న ఫాదర్ ముఖం పాలిపోయింది. కాసేపటికి నోటీసు బోర్డు ముందు టీచర్లు గుమిగూడి ఏడుస్తుంటే వెళ్ళి చదివాడు. ఒకటో తరగతి టీచరమ్మ మరణించినందున బడికి సెలవు. ఆదివారం మధ్యాహ్నం మొగుడు కొట్టిన దెబ్బలకి పోయింది. వాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు.

సమాధి దగ్గర ప్రార్థనలు ఆయనే చదివాడు. పెళ్ళి మంత్రం చదివిన నోటితోనే మట్టి మంత్రమూ చదివాడు. గొంతు పైకి వచ్చిందో లేదో ఆయనకే తెలియలేదు. మూడు రోజులు అన్నం సహించలేదు. ఆ నీడ చెప్పిందేమిటి? గుర్తు తెచ్చుకుందామంటే, అసలు విన్నదుంటే కదా!

నాలుగో రోజున టీచరమ్మ తల్లిని చూడ్డానికి వెళ్ళాడు. ఆవిడ బట్టలు కుట్టి బతుకుతుంది. ఒంటి గదిలో కిటికీ కింద మిషను, గోడనిండా కత్తిరించిన చేతులూ కాలర్లూ. ఫాదర్‌కి స్టూలు జరిపి, మిషను ఆపకుండానే ఏదో అంది. బల్ల మీద పెట్టిన ఆయన అరచేతికి చక్రం అదురు తెలుస్తోంది, మాట తెలియడం లేదు.

"అంతా దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నాడు, అలవాటుకొద్దీ.

అదురు ఆగింది. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసి, గీతలు గీసే సుద్ద తీసుకుని, ముందున్న నల్ల గుడ్డ మీద నెమ్మదిగా రాసింది.

"మొగుడు కొడుతున్నాడు, పుట్టింటికి వచ్చేయనా అని నా బిడ్డ మిమ్మల్ని అడిగిందట. మీరు ఇంటికెళ్ళమన్నారట. ఫాదరే వెళ్ళమన్నారని ఆదివారం మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళింది. ఎందుకన్నారు?"

ఫాదర్ చదివాడు. మళ్ళీ చదివాడు. తప్పించుకోవడానికి ఒక తలుపుంది, అదీ దేవుడి తలుపే. పాపసంకీర్తనలో, ఆ తెర వెనక విన్నది గొంతు కోసినా ఫాదర్ బయటపెట్టకూడదు. "చెప్పకూడదమ్మా" అంటే చాలు, ఆవిడ తల వంచేస్తుంది. పరువు నిలుస్తుంది, బడి నిలుస్తుంది. ఎవరూ వేలెత్తి చూపరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకు వినపడలేదమ్మా" అన్నాడు. "ఒక్క ముక్క వినలేదు. మూడేళ్ళుగా ఎవరిదీ వినలేదు. విన్నట్టు నటించాను." అని స్టూలు మీదే కుంగిపోయి భోరుమన్నాడు.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. ఆయన కుదుటపడేదాకా ఆగి, గుడ్డ మీది అక్షరాలు అరచేత్తో తుడిచి, అక్కడే మళ్ళీ రాసింది.

"తెలుసు ఫాదర్. ఊరందరికీ తెలుసు. వెళ్ళొద్దే, ఆయనకి వినపడదే అని దానికీ చెప్పాను. నా మాటయితే వింటారమ్మా అంది. నిజంగా విన్నారేమోనని అడిగాను."