కప్పు విప్పిన పూట

కాసులమ్మ ఇంటి కప్పు ఆ ఏడు వానలకు నిలవదని వీధిలో అందరికీ తెలుసు. తాటాకు కుళ్ళి, చెయ్యి పెడితే పొడిలా రాలిపోతోంది. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక మూడో వేసవి అది. అనకాపల్లిలో ఆకు దొరకడమే గగనమైతే, బెల్లం బండి తోలే కొడుకు కన్నబాబు మునగపాక దాకా వెళ్ళి తెచ్చి పడేశాడు.

నిజానికి నిరుడే కప్పవలసిన ఇల్లు. నిరుడు కోడలు నూకరత్నం కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట కప్పు విప్పితే ఆ కడుపు నిలవదంటారు. అందుకని కప్పడానికి వచ్చి నిచ్చెన వేసిన తాతబ్బాయిని కాసులమ్మే దింపి పంపేసింది. బిడ్డ శ్రావణంలో పుట్టి, పదకొండో రోజున పోయాడు. రాత ఇంతే అనుకుంది. మళ్ళీ మనవణ్ణి ఎత్తుకోకుండానే పోతానేమోనని ఆవిడ బెంగ.

పొద్దెక్కేసరికి తాతబ్బాయి, ఇద్దరు కూలీలు పాత ఆకంతా దింపేశారు. ఎండ వాసాల మధ్య నుంచి నేరుగా పొయ్యి మీద పడుతోంది. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కప్పేవాడికి కాసులమ్మ కింద నుంచి పాఠాలు చెబుతోంది, తాతకు దగ్గులు నేర్పినట్టు. నూకరత్నం ఆకు కట్టలు అందిస్తోంది. మూడో కట్ట ఎత్తబోయి తూలి, ఇంటి నడిమి నిట్టాడు గుంజ పట్టుకుని కూలబడింది. నీళ్ళు పట్టుకొచ్చిన పక్కింటి దేముడమ్మ, కోక సర్దబోయి ఆగిపోయింది.

"ఓలమ్మో! కాసులప్పా, నీ కోడలికి నాలుగో నెల దాటిపోనాది!"

కాసులమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. అదెలా? నెలనెలా మూడేసి రోజులు ఈ పిల్ల వాకిట్లో ఎడంగా చాప మీద కూర్చుంది. దూరం నుంచి అన్నం పెట్టింది తనే. ముట్టు విషయంలో అబద్ధమాడే ఆడది లోకంలో ఉంటుందా? తలెత్తి చూసింది. ఇంటి మీద ఆకు ముక్క లేదు.

తాతబ్బాయి తాళ్ళు వదిలేసి నిచ్చెన దిగిపోయాడు.

"నేనింక సెయ్యి పెట్టనప్పా. ఆ పాపం నాకొద్దు."

"ఎందుకు దాసేవే? ఎంత పని సేసేవే!" కాసులమ్మ కోడలి మీదికి వంగి అడిగింది.

నూకరత్నం కళ్ళలో నీళ్ళు లేవు.

"సెప్తే కప్పు విప్పనిత్తావా అత్తా? నిరుడు పురిటి మంచం ఎన్ని మూలలకి జరిపేం? ఏ మూలకి జరిపినా వానే. బొంత ఆరనేలేదు. ఒళ్ళు సల్లబడిపోయి పోనాడు నా కొడుకు. నువ్వు సూడలేదా?"

చూసింది. ఆ బొంత రోజూ పిండింది తనే. నిచ్చెన తీయించిందీ తనే. ఇన్నాళ్ళూ నేరం రాత మీద తోసేసి నిద్రపోయింది. నేనే సంపుకున్నాను అనుకుంది, అనుకున్న మాట పైకే వచ్చేసింది.

"ఎక్కరా తాతబ్బాయీ."

"దోసం అప్పా..."

"ఆ దోసమేదో నా నెత్తిన పడనీ. నువ్వెక్కకపోతే నేనెక్కుతాను."

అన్నంత పనీ చేసింది. కోక ఎగదోపుకుని మెట్టు మీద కాలు పెట్టేసరికి నిచ్చెన ఊగింది. తాతబ్బాయి పరుగున వచ్చి ఆవిణ్ణి దించి, గొణుక్కుంటూ తనే ఎక్కాడు. కోడలి పక్కనున్న కట్ట కాసులమ్మ ఎత్తి అందించింది.

"ముందు ఆ తూరుపు మూల కప్పు," అంది. "పురిటి మంచం ఆడే ఎయ్యాల."