నాలుగు వేళ్ళ పదును

తడి దుప్పటి భుజాన వేసుకుని నిరోషా దండెం దగ్గర నిలబడిపోయింది. ఆరేయాలా, వద్దా? అనంతగిరి వైపు గుట్టల మీద మబ్బొకటి తీరిగ్గా కూర్చుని ఉంది. తాండూరు వైపు ఆకాశం మాత్రం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. నిన్న సాయంత్రం మృగశిర వాన గంటసేపు హడావిడి చేసి వెళ్ళిపోయింది. మట్టివాసన ఇంకా ఉంది కానీ ముక్కు దాకానే వస్తోంది, లోపలికి దిగడం లేదు. ఈ వాన ఇక రాదులే అనుకుని దుప్పటి ఆరేసింది.

"ఏమంటున్నది మొగులు? రాసినవా?" లోపలి నుంచి భర్త మల్లేశ్వర్ కేకేశాడు.

ఆకాశం చూసి వాన సంగతి చెబుతాడని పెద్దేముల్ చుట్టుపక్కల ఆయన్ని ఇప్పుడందరూ మొగులు పటేల్ అంటారు. ఆయన నడిపే ఫోన్ గ్రూపులో ఏడువందల మంది రైతులున్నారు. ఎప్పుడు విత్తాలో, కోసిన పంట మీద ఎప్పుడు టార్పాలిన్ పట్టా కప్పాలో పొద్దున్నే ఆయన గొంతు చెబుతుంది. ఆ గొంతుకు కావలసిన మాటలు మాత్రం నిరోషా పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి ఇస్తుంది. మొదట్లో ఆమెకది ముచ్చటగానే ఉండేది. బస్టాండులో ఎవరైనా ఆయనకు దండం పెడితే అందులో సగం తనదేనని లోలోపల నవ్వుకునేది. ఒకసారి తాండూరు అంగట్లో ఒకాయన, "గివన్ని నీకెట్ల ఎర్కయితయి పటేలా?" అని అడిగాడు. పక్కనే కూరగాయల సంచీ మోస్తున్న భార్య వైపు చూడనైనా చూడకుండా, "అనుభవం" అన్నాడు మల్లేశ్వర్. ఆ రోజు ఆ సంచీ ఎంత బరువైందో ఆమెకే తెలుసు.

ఇంటికొచ్చి ఆ మాట అంటే అత్త పద్మమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "మొగులు ముచ్చట ఆడిది చెప్తే ఎవలింటరే? నువ్వు రాసిస్తున్నవ్, వాడు చెప్తున్నడు. గంత పరేషాన్ ఎందుకు?"

అసలు ఈ చదువు ఆమెకు ఎక్కడ అబ్బిందని ఎవరూ అడగలేదు. పనిలోనే అబ్బింది. మోమిన్‌పేట్ నుంచి కోడలిగా వచ్చిన ఈ పద్దెనిమిదేళ్ళలో ఆకాశం వైపు చూడకుండా ఆమె చేసిన పని ఒక్కటీ లేదు. మాఘంలో గుట్టల మీద నుంచి దిగే చలికి మడమలు పగిలేవి. మోదుగులు పూశాయంటే వడియాలు పెట్టుకోవాలి, మామిడి పిందెలు రాల్చే రాళ్ళవాన రాకముందే వాటిని ఎత్తుకోవాలి. వైశాఖంలో గచ్చు మీది నాపరాళ్ళపై నీళ్ళు చల్లితే పెనం మీద పడ్డట్టు చుయ్యిమనేవి. రోహిణి ఎండకు మధ్యాహ్నం ఊరు ఊరంతా కళ్ళు మూసుకునేది, ఆమె మాత్రం పశువుల తొట్టి నింపుతూ పడమటి గాలి ఎటు తిరుగుతోందా అని చూసేది. పుష్యమి ముసురు పట్టిందంటే వారమంతా పొయ్యిలో కట్టెలు పొగ కక్కేవి, తువ్వాళ్ళు ఆరేవి కావు, ఇల్లంతా తడి వాసన వేసేది. ఆ తర్వాత, కందికి పూత వచ్చే రోజుల్లో, పొగమంచు. ఆ మంచులో నీళ్ళబిందెతో నడుస్తుంటే ముందు గుట్టలు మాయమయ్యేవి, తర్వాత దారి, తర్వాత తన కాళ్ళు కూడా. అప్పుడామెకు తనకొక పేరుందన్న సంగతే గుర్తుండేది కాదు. ఎవరి కోడలూ కాదు, ఎవరి పిలుపుకూ పలకక్కర్లేదు. చల్లగా, మెల్లగా పొలాల మీద కదిలే ఏదో ఒకటి. ఏడాది మొత్తం మీద ఆమె ఇష్టంగా తనకోసం దాచుకున్న ఘడియలు అవే. ఇంతలో ఇంట్లోంచి ఎవరో చాయ్ అని కేకేసేవారు. మంచు విడిపోయేది.

ఎంత తలచుకోవద్దనుకున్నా పోయినేడాది జూన్ గుర్తొస్తుంది. ఇట్లాంటి వానే పడ్డాక ఆమె కాగితం మీద రాసింది: "చెల్కకు పదునైంది. రేగడికి కాలేదు, ఆగండి." ఎర్రటి చెల్క నేల కొద్ది వానకే విత్తనానికి సరిపడా తడుస్తుంది, అదే పదును. తాండూరు వైపు నల్ల రేగడి అట్లా కాదు, పైన బురద చూపించి లోపల దాహంతో ఉంటుంది. మల్లేశ్వర్‌కు ఆ పూట ఏదో పెళ్ళికి తొందర. "పదునైంది" అని ఒక్క ముక్క గ్రూపులో చదివేసి ఫోన్ జేబులో వేసుకున్నాడు. రేగడి రైతులు కంది విత్తారు. మూడు వారాలు చుక్క పడలేదు. మొలకలు తల ఎత్తినట్టే ఎత్తి మాడిపోయాయి. "మొగులు మోసం జేసింది" అన్నాడు మల్లేశ్వర్ గ్రూపులో. అందరూ అవునన్నారు. నిరోషా ఒక్కతే నోరు మూసుకుని జొన్నరొట్టెలు చేసింది. ఆ మౌనానికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు నష్టపోయిన వాళ్ళలో శాంతవ్వ ఒకతె. కౌలుకు తీసుకున్న రెండెకరాల రేగడే ఆమెకున్న ఆధారం. దుప్పటి ఆరేసి వెనక్కి తిరుగుతుంటే ఆమే ఎదురొచ్చింది, ఒడిలో విత్తనాల మూటతో.

"పటేల్ మాట ఇంకా రాలే బిడ్డా. దౌల్తాబాద్ గ్రూపోళ్ళు ఇత్తుమన్నరంట. ఉన్నయి గీ ఇత్తులే. గివి గూడ పోతే మల్ల తెచ్చుడు నాతోని గాదు. ఏం జెయ్యాలె?"

 నిరోషా చెప్పులు వేసుకుని శాంతవ్వ వెంట ఆమె చేనికి నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మట్టిలోకి దించింది. పైన మెత్తగా, చల్లగా ఉంది. రెండు వేళ్ళు దిగేసరికి గరుకు తగిలింది. నాలుగు వేళ్ళు దిగేసరికి పొడి దుమ్ము, ఇంకా రోహిణి వేడిలోనే ఉంది.

"జర ఆగు అవ్వా" అంది. శాంతవ్వ తల ఊపింది కానీ, "పటేల్ గూడ గిట్లనే అంటడా?" అని అడిగింది.

ఆ ప్రశ్నే దారి పొడవునా నిరోషా వెంట వచ్చింది. చెయ్యి మట్టిలో పెట్టింది తాను, నమ్మాల్సింది ఆయన్నా?

ఇంటికొచ్చేసరికి మల్లేశ్వర్ అరుగు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏడికి వొయినవ్? దౌల్తాబాద్ గ్రూపోళ్ళు పొద్దుగాలనే చెప్పేసిండ్రు. మనం ఎనకబడితే ఇజ్జత్ వోతది. పదునైందని రాసియ్యి."

"చెల్కకైంది. రేగడికి కాలే. చెయ్యి వెట్టి చూసొచ్చిన."

"మల్ల గదే లొల్లి! గంత పొడుగు ముచ్చట ఎవడింటడు? పదునైందంటే అయింది. ఎవని చేను వాడు చూస్కుంటడు."

"పోయినేడు చూస్కున్నరా?"

మల్లేశ్వర్ ముఖం ఎర్రబడింది. "నువ్వు రాయకపోతే నాకు రాదా?" అంటూ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని బొటనవేలితో బొత్తాం నొక్కిపట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "అన్నలారా, తమ్ములారా, నమస్తే. మృగశిర వాన మంచిగ వడ్డది..."

నిరోషాకు భయమేసింది, నిజంగానే భయమేసింది. అయినా రెండడుగులు వేసి ఆయన చేతికి దగ్గరగా వంగింది.

"రేగడికి పదును కాలే. నాలుగు వేళ్ళ లోతుల దుమ్మే ఉన్నది, ఇత్తకుండ్రి. నేను నిరోషాను మాట్లాడుతున్న. పోయినేడు గూడ రేగడోళ్ళను ఆగుమనే రాసిన. మా ఆయన సగమే చదివిండు. మొగులు మోసం జెయ్యలే. నాకెర్కుండి గూడ నోరు మూస్కున్న, గది నా తప్పు."

మల్లేశ్వర్ బిత్తరపోయి బొటనవేలు ఎత్తేశాడు. ఎత్తితే మాట వెళ్ళిపోతుందని ఆ క్షణాన ఆయనకు గుర్తులేదు. టింగుమని వెళ్ళిపోయింది. వెనక్కి తీసుకుందామని అద్దం మీద గబగబా వెతుక్కునేలోపే ఏడెనిమిది మంది వినేశారు. గడపలో పద్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఫోన్ మళ్ళీ టింగుమంది, ఇంకా వెతుక్కుంటున్న మల్లేశ్వర్ వేలు తగిలి గ్రూపులో వచ్చిన జవాబు మోగింది. ఎవరో తాండూరు వైపు రైతు, ముసలి గొంతు. అరుగంతా వినబడింది.

"పటేలా, నువ్ జర పక్కకు జరుగు. అమ్మా నిరోషా, మా దిక్కు ఎప్పుడు ఇత్తాలె?"