పెట్టె వెనక చెమ్మ

వడ్రంగి మేస్త్రీ మా ఇల్లు చూడటానికి వస్తున్నాడని తెలిసి, నాన్న ముందురోజే గోడలకు రంగు వేసేశారు. పరాయి మనిషి చెమ్మ మరకలు చూస్తే పరువు పోతుందట. మరకలు చూపించడానికే కదా పిలిచింది అని అమ్మ అడిగితే, చూపించే ఇల్లు కాస్త శుభ్రంగా ఉండొద్దా అన్నారు.

మాది చెక్క ఇల్లు. స్తంభాలు, దూలాలు, వాటి మధ్య పలకలు. ఏటా వానలు వెలిసేసరికి నానమ్మ గది మూలన నల్లటి మచ్చ తేలుతుంది. నాన్న లోపలా బయటా నూనెరంగు పూస్తారు. మరుసటేడు మచ్చ ఇంకాస్త ఒళ్ళు చేసి వస్తుంది.

ఈసారి గోడ మొత్తం విప్పాల్సి వస్తే నానమ్మను అత్త ఇంటికి పంపుదామని నాన్న అనేశారు. అత్త ఇంట్లో దగ్గాలన్నా అనుమతి తీసుకోవాలి. అందుకని నానమ్మ తన బట్టల పెట్టెను ఆ మూలకు జరిపించి, దానిమీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. జరిపింది నేనే. అప్పుడే స్తంభం అడుగున నా వేలు లోపలికి దిగబడింది. మోకాలెత్తున నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. నానమ్మ నోటిమీద వేలేసుకుని నావైపు చూసింది. మాట్లాడకుండా ఉండటం నాకు బాగా చేతనైన పనే కనుక తలూపాను.

మేస్త్రీ ముందు ఇంటి చుట్టూ తిరిగి, తర్వాత గదిలోకి వచ్చాడు. స్క్రూడ్రైవర్ పిడితో స్తంభాలను తడుతూ, చెవి ఆనించి వింటున్నాడు. రంగు ఇంకా ఆరలేదు. రెండో స్తంభం దగ్గరికి వచ్చేసరికే ఆయన చెవి తెల్లబడింది. నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

"ఈ మూల ఏమీ లేదు నాయనా," అంది నానమ్మ, ఆయన అడక్కముందే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. పెట్టె దిగమంటే మోకాళ్ళ నొప్పులంది.

మేస్త్రీ నాన్న వైపు తిరిగాడు. "మచ్చ ఉంటే చెమ్మ ఎంతవరకు ఎక్కిందో అదే చెప్పేది సార్. దాన్ని మీరు కప్పేశారు. మిగతాది పెద్దమ్మగారు కప్పారు. కనపడనిదాన్ని పుచ్చిందనే అనుకోవాలి. గోడంతా విప్పేద్దాం."

నానమ్మ ముఖం పాలిపోయింది.

"అడుగునే మెత్తగా ఉంది. మోకాలెత్తున గట్టిగానే ఉంది," అన్నాను.

మాట్లాడింది ఎవరా అని నాన్న కిటికీ బయటికి తొంగిచూశారు.

"ఓసి ఇంటిదొంగా," అంటూనే నానమ్మ పెట్టె దిగింది. నొప్పులు ఏమైపోయాయో మరి.

స్క్రూడ్రైవర్ మొన స్తంభం అడుగున ఉడికిన దుంపలోకి దిగినట్టు దిగింది. మోకాలెత్తున టక్కున ఆగిపోయింది. మేస్త్రీ ఇంకో రెండు చోట్ల పొడిచి చూసి ఊపిరి వదిలాడు. చూరు గొట్టం పగిలి నీళ్ళు సరిగ్గా ఈ మూలనే పడుతున్నాయని, గొట్టం మార్చి, పుచ్చిన అడుగు కోసి కొత్త కర్ర అతికితే చాలని, గోడ జోలికి వెళ్ళక్కర్లేదని చెప్పాడు.

"కానీ సార్, తడి ఆరాలంటే గాలి తగలాలి. మీరేమో దానికి తడి ఒంటిమీదే రెయిన్‌కోటు తొడుగుతున్నారు. ఆ రంగు గీకెయ్యాలి."

"పైన పటారం, లోన లొటారం," అంది నానమ్మ. గదిలో ఉండిపోవచ్చని తేలాక ఆమె గొంతు పెరిగింది.

రంగంతా గీకాక, ఊరికే ఒక పలచటి పూత వేసుకోవచ్చా అని నాన్న మెల్లగా అడిగారు.

మేస్త్రీ నోరు తెరిచేలోపే నానమ్మ అందుకుంది. "అంత మోజుగా ఉంటే డబ్బా పట్టుకుని మీ అక్క ఇంటికి నువ్వు వెళ్ళరా."