నైనిక పుట్టువెంట్రుకలు

నా మనవరాలు నైనిక ఏడో నెలలోనే పుట్టింది. పిల్లని గాజుపెట్టెలో పెట్టారని మా అబ్బాయి అమర్‌నాథ్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నరసరావుపేటలో మా వంటింట్లో ఉన్నాను. పొయ్యి కట్టేసి అక్కడే నిలబడి, "స్వామీ, ఈ పిల్ల దక్కితే ఏడాది లోపల దాని పుట్టువెంట్రుకలు నీకిప్పిస్తాను" అని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను.

పిల్ల దక్కింది. దక్కడమేమిటి, నేను అమెరికాలో వాళ్ళుండే శాన్ రామన్ వచ్చేసరికి ఇల్లంతా పాకుతూ దొరికిన చెప్పునల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఇప్పుడు పదకొండో నెల నడుస్తోంది. సరి నెలలో పుట్టువెంట్రుకలు తియ్యరు కాబట్టి, ఈ నెల దాటితే మొక్కు గడువు తప్పుతుంది. శనివారం నా తిరుగు ప్రయాణం.

మా కోడలు టమారా ఆఫ్రికన్ అమెరికన్. పెళ్ళి ఫొటోలు చూసి మా ఆడపడుచు "నల్లపిల్లట కదా వదినా" అంది. "నాకంటే ఒక చాయ తెలుపే" అన్నాను. అది నిజం కూడా. ఆవిడ మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

టమారా వాళ్ళమ్మ డెలోరిస్ ఓక్లాండ్‌లో ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైంది. వియ్యపురాళ్ళం కాబట్టి నేను వదినగారూ అంటాను. అమర్ నేర్పితే ఆవిడా నన్ను వదినా అంటుంది. మిగతాదంతా ఇంగ్లీషే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసినదాన్ని, నాకు ఇంగ్లీషంటే భయం లేదు.

ఆవిడకి మాట పదును. రెండేళ్ళ కిందటి ఎన్నికల వేసవిలో నేను ఇక్కడే ఉన్నాను. తల్లిది చెన్నై, తండ్రి నల్లజాతివాడు అయిన ఆవిడ ప్రెసిడెంట్ పదవికి నిలబడింది. అమర్ స్నేహితుడు రవికుమార్ మా ఇంట్లో పులిహోర తింటూ, "ఆవిడ మనమ్మాయే ఆంటీ" అని ఒకటే మురిసిపోయాడు. డెలోరిస్ విని, "గెలిస్తే మీ అమ్మాయి, ఓడితే మా అమ్మాయి, అంతేనా నాయనా?" అని నవ్వుతూ అడిగింది. నవంబరులో ఆవిడ ఓడిపోయాక రవికుమార్ మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

అలాంటి డెలోరిస్ ప్రతి ఆదివారం వచ్చి నైనిక తల దువ్వేది. నీళ్ళు చల్లి, నూనె రాసి, పాయ పాయగా విడదీసి గంటసేపు కూర్చునేది. నేను దువ్వెన ముట్టుకుంటే, "ఉండండి వదినా, దీనికో పద్ధతుంది" అనేది. పదిమంది పిల్లలకి జడలేసిన చేతులు నావి. ఒళ్ళు మండేది.

గుండు సంగతి నేను మొదటివారంలోనే ఎత్తాను. టమారా నెమ్మదిగా, "వద్దు అత్తయ్యా" అంది. అమర్, "అమ్మా, మేం డిసైడ్ చేసుకున్నాం, వదిలెయ్" అన్నాడు. డెలోరిస్ మాత్రం ఎందుకని అడిగింది. దేవుడికి అన్నాను.

"ఈ దేశంలో మా జుట్టు తియ్యమని స్కూళ్ళు అడిగాయి, ఆఫీసులు అడిగాయి, పటాలం అడిగింది. సొంత ఇంట్లోవాళ్ళు అడగడం నేను ఇప్పుడే వింటున్నాను" అంది.

కోపంగా అనలేదు. కానీ మొక్కు మొక్కే కదా. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

నా ప్రయాణం ఇంకా ఆరు రోజులుందనగా, ఆదివారం సాయంత్రం టీవీలో పాటల అవార్డుల ఫంక్షన్ వస్తోంది. ఒక నల్లజాతి గాయని స్టేజీ మీదకి వచ్చింది. సన్నటి జడలు వందో రెండొందలో అల్లి, నెత్తిన గోపురంలా చుట్టి, మధ్యమధ్య గవ్వలు గుచ్చుకుంది. డెలోరిస్ లేచి నిలబడింది. టమారా కూడా లేచింది. "నా చిన్నప్పుడు టీవీలో ఇలాంటి తల ఒక్కటి చూపించి ఉంటే" అంది డెలోరిస్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. జుట్టుకి ఇంత హడావిడేమిటా అనుకున్నాను నేను. అనుకుని, డైపర్ మారుస్తానని పిల్లని మేడ మీదకి తీసుకెళ్ళాను.

మనలో పూర్తిగా గుండు చేయించుకోలేని ఆడవాళ్ళు మూడు కత్తెరలిస్తారు. మూడు చోట్ల కొసలు కత్తిరిస్తే స్వామికి చెల్లినట్టే. పామూ చావాలి, కర్రా విరగకూడదు. గోళ్ళు తీసే చిన్న కత్తెర, పసుపు గుడ్డ ముందే సిద్ధం చేసుకున్నాను. నుదుటి పైన చుట్టుకున్న వెంట్రుకల చుట్ట ఒకటి పట్టుకున్నాను. అంగుళం కూడా లేదు. చివర ఏదో, మొదలేదో నాకు తెలియలేదు. కత్తిరించాను. దాని పక్కనే రెండు, మూడు. తర్వాత ఆ వెంట్రుకల్ని గుడ్డలో పెడుతూ వేళ్ళతో సాగదీస్తే నా అరచెయ్యంత పొడుగు సాగాయి. పిల్ల నుదుటి పైన రూపాయి బిళ్ళంత మేర తల చర్మం బయటపడింది.

అంత జుట్టు అంత చిన్న చుట్టలో ముడుచుకుని ఉంటుందని నాకెవరు చెప్పారు? చెప్పడానికి ఒక మనిషి ప్రతి ఆదివారం సిద్ధంగా ఉంది. నేను వినలేదు. పిల్లకి టోపీ పెట్టి కిందకి తెచ్చాను.

తల దువ్వుదామని డెలోరిస్ టోపీ తీసింది. వేలితో ఆ ఖాళీని తడిమింది.

"ఎవరు?" అంది.

"నేనే" అన్నాను. అబద్ధం ఆడే అలవాటు లేదు. దొంగతనం మాత్రం ఆ రోజే మొదలైంది.

టమారా పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. అమర్ "అమ్మా, నువ్వసలు" అని మొదలుపెట్టి, ఆమె వెనకే వెళ్ళాడు. డెలోరిస్, నేను మిగిలాం. ఆవిడ టీవీ కట్టేసింది.

"ఇరవై రెండేళ్ళప్పుడు నేనొక బ్యాంకులో చేరాను. మా అమ్మ జడలల్లి పంపింది. సోమవారం నాటికి అవి విప్పి రమ్మన్నాడు మేనేజరు. నేను విప్పలేదు. ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇక్కడ జడలున్నాయని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని చట్టం ఉంది. నాకు అప్పుడు లేదు. అందుకని నా మనవరాలి తల మీద ఎవరి చెయ్యీ అడక్కుండా పడకూడదనుకున్నాను."

"అది నా మనవరాలు కూడా" అన్నాను. "అది బతకాలని మొక్కుకున్నాను వదినగారూ."

"మొక్కుకున్నది మీరు. మీకూ జుట్టు ఉంది కదా వదినా" అంది, నా జడ వైపు చూసి.

ఆవిడ వెళ్ళిపోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. నా జుట్టా? నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ జడ నడుం దాటుతుంది. పెళ్ళిచూపులకి వచ్చిన ఆరుగురిలో అయిదుగురు నా రంగు చూసి కాఫీ తాగి లేచిపోయారు. ఆరో అబ్బాయి తల్లి నా జడ పట్టి లాగి, సవరం కాదని నమ్మకం కుదిరాక, "నలుపైతేనేం, జుట్టుంది" అంది. ఆ మాట మీదే నాకు పెళ్ళయింది. ఆయన పోయేదాకా ఆ జడ చూసే చేసుకున్నానని అందరితో అనేవారు. నేను ముసిముసిగా నవ్వేదాన్ని. ఈ జడ లేకపోతే నేనేమిటో నేనెప్పుడూ చూసుకోలేదు. అలాంటిదాన్ని, మొక్కు అనగానే గాజుపెట్టెలో పిల్ల తల చూపించాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

సోమవారం, మంగళవారం టమారా ఇంట్లోనే పనిచేసుకుంది, పిల్లని తన గదిలోనే పెట్టుకుంది. నాకు భోజనం పెట్టింది, మందులు గుర్తు చేసింది, పిల్లని మాత్రం ఇవ్వలేదు. లోపల పిల్ల కేరింతలు వినబడుతుంటే నేను బయట సోఫాలో కూర్చున్నాను. శనివారం దాకా ఇలాగే గడిస్తే ఇక ఎప్పటికీ ఇంతేనని అర్థమైంది. నన్ను నమ్మి దాన్ని ఎవరూ నా చేతికివ్వరు. తప్పు నాదే, ఎవర్నీ అనేందుకు లేదు.

బుధవారం పొద్దున్నే డెలోరిస్‌కి ఫోన్ చేశాను. పది గంటలకల్లా వచ్చింది. అమర్ గడ్డం గీసుకునే మిషన్ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వెనక్కి ఇచ్చేసింది.

"కోపంలో అన్నాను వదినా. వద్దు."

"కోపంలో అన్నా సరిగ్గానే అన్నారు. మీరు చెయ్యకపోతే నేనే చేసుకుంటాను. చెవి తెగితే హాస్పిటల్‌కి మీరే తీసుకెళ్ళాలి."

ఆవిడ నవ్వలేదు గానీ మిషన్ తీసుకుంది. బాత్రూంలో అద్దానికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ముందు జడ విప్పింది. నైనికకి చేసినట్టే నీళ్ళు చల్లి, పాయలు తీసి, కింద నుంచి పైకి నెమ్మదిగా దువ్వింది. ఎక్కడా నొప్పి తెలియలేదు. దీనికో పద్ధతుందని ఆవిడ ఎందుకనేదో నాకప్పుడు తెలిసింది.

మిషన్ ఆన్ చేసి, "సరేనా?" అని అడిగింది. సరేనన్నాను. ప్రతి పాయకీ అడిగింది. ప్రతిసారీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ ఆగి, కళ్ళు తుడుచుకోనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

మిషన్ చప్పుడు విని టమారా పిల్లతో వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"అత్తయ్యా, మా కోసం మీరిది చెయ్యక్కర్లేదు" అంది.

"ఇది స్వామితో నా లెక్కమ్మా. నీకు చెప్పాల్సింది వేరే ఉంది. పిల్ల తల నాది కాదు. నిన్నడక్కుండా ముట్టుకున్నాను. తప్పయింది."

టమారా నా తలకేసి, నేల మీది జుట్టుకేసి చూసింది. తర్వాత వచ్చి నైనికని నా ఒళ్ళో కూర్చోబెట్టి, "నాకు పదకొండింటికి మీటింగుంది, పన్నెండున్నర దాకా చూస్తారా?" అంది. జవాబు కోసం ఆగకుండా మేడెక్కి వెళ్ళిపోయింది.

నైనిక నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులతో నా గుండు మీద దరువెయ్యడం మొదలుపెట్టింది. దాన్నెత్తుకుని లేచి అద్దం వైపు తిరిగాను. ఇన్నేళ్ళూ అద్దంలో జడ చూసుకున్నాను, పాపిట చూసుకున్నాను, బొట్టు చూసుకున్నాను. ఇప్పుడు చూడ్డానికి నా మొహమే ఉంది. పక్కన పిల్ల మొహం, వెనక డెలోరిస్ మొహం.

"ముగ్గురం నల్లగా ఉన్నాం వదినగారూ" అన్నాను.

"అవును" అంది ఆవిడ, నా మెడ మీది వెంట్రుకలు దులుపుతూ.

"బాగున్నాం" అన్నాను. నా గురించి ఆ మాట నేననడం అదే మొదటిసారి.